గౌరవ సలహాదారు గ్రాఫిక్స్ కార్డు

సోమవారం ఉదయం హైమావతి 'శ్రీ' అని ఒకే ఒక్క అక్షరం టైపు చేస్తుంది. కంప్యూటరు పెట్టె వెనకనుంచి సెకనుకు నూట నలభై నాలుగు 'శ్రీ'లు వేడివేడిగా బయటపడి, అప్పడాల దొంతరలా గోడవారన పేరుకుంటాయి. కాలు తగిలినప్పుడల్లా కళ్ళకద్దుకుని ఆమె తర్వాతి అక్షరానికి వెళుతుంది.

తణుకులో ఆమెది శుభలేఖలు టైపు చేసే చిన్న దుకాణం. ఆ కంప్యూటరుని మూతపడిన ఒక గేముల సెంటరునుంచి కొంది. అందులోని గ్రాఫిక్స్ కార్డు, అంటే తెరమీద బొమ్మలు గీసే భాగం, ఐదేళ్ళపాటు యుద్ధాలే గీసి వచ్చింది. పెళ్ళికూతురి పేరు గీయమన్నా దానికి యుద్ధమే. ఒళ్ళు కాలిపోతుంది, దాన్ని చల్లబరిచే ఫ్యాను రైలుబండిలా మోగుతుంది. ఆ వేడికి పక్కవీధి ఆడవాళ్ళు వచ్చి పెట్టె వెనక వడియాలు ఎండబెట్టుకుంటున్నారు. ఎవరి తర్వాత ఎవరో వరస రాసిపెట్టుకున్నారు కాబట్టి గొడవల్లేవు.

వేడి సంగతి ఎలా ఉన్నా, హైమావతి ప్రాణం తోడేస్తున్నది ఆ చప్పుడు. పక్క దుకాణంలో పుస్తకాలు బైండు చేసే తాతబ్బాయి ఆరు నెలలుగా రోజూ పదకొండింటికి వచ్చి, గుమ్మంలో నిలబడి, ఒక మాట చెబుతాడు. పెదాలు కదులుతాయి. మాట మాత్రం ఫ్యాను గాలికి ఎగిరి, రోడ్డు దాటి, మందుల షాపులో పడుతుంది. ఆమె తలూపుతుంది, అతను వెళ్ళిపోతాడు. మందుల షాపులో అడగబోతే డాక్టరు చీటీ లేనిదే ఇవ్వమంటారు.

ఆమెకి నలభై రెండేళ్ళు. ఒక మనిషి రోజూ వచ్చి ఒకే మాట చెబుతున్నాడంటే, అదేమిటో చెవులారా వినాలని ఎంత ఆశ ఉంటుందో వేరే చెప్పాలా? పోనీ అడుగుదామంటే, ఆరు నెలలు బుద్ధిగా తలూపి ఇప్పుడు "ఏమన్నారండీ?" అంటే ఏం బావుంటుంది? అందుకని పది నలభైకి ఆమె కుర్చీ లాక్కుని పెట్టె ముందు కూర్చుంటుంది.

"ఇక్కడ యుద్ధాలేం లేవండి. అక్షరాలే. కాస్త నెమ్మదిగా చెయ్యకూడదా?"

పెట్టె పక్క రేకు తలుపులా తెరుచుకుంటుంది. లోపల గ్రాఫిక్స్ కార్డు బాసింపట్టు వేసుకుని చెమట తుడుచుకుంటోంది. దాని భుజాల చుట్టూ హైమావతి అల్లిన గులాబీరంగు గుడ్డ ఉంది.

"ఎలా చేస్తానమ్మా? వచ్చినరోజే శాలువా కప్పారు. సన్మానం చేయించుకున్నవాడు తగ్గి పనిచేస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

హైమావతి ఆ గుడ్డ వైపు చూస్తుంది. అది శాలువా కాదు, దుమ్ము పడకుండా కప్పిన గుడ్డ. ఇంట్లో టీవీకి ఒకటి, ఫ్రిజ్జుకి ఒకటి కప్పినట్టే దీనికీ కప్పింది. గాలి ఆడనివ్వకుండా దాన్ని కాల్చుకు తింటున్నది ఆ గుడ్డే. కానీ ముఖంమీద ఎలా చెబుతుంది? కప్పిన శాలువా వెనక్కి లాక్కున్నవాళ్ళు ఈ జిల్లాలో లేరు.

ఆమె ఒక ఉత్తర్వు టైపు చేస్తుంది. "తమ సేవలకు మెచ్చి, తమర్ని నేటినుంచి గౌరవ సలహాదారుగా నియమించడమైనది. పిలిచినప్పుడే లేవవలెను. సెకనుకు అరవై బొమ్మలు చాలును. తెరమీద ఏదీ మారనప్పుడు అవీ అక్కర్లేదు. శాలువా మడతపెట్టి బీరువాలో దాచుట ఈ పదవికి ఆనవాయితీ."

కార్డు దాన్ని రెండుసార్లు చదువుకుంటుంది.

"పని ఏముంటుంది?"

"ఏమీ ఉండదండి."

"కుర్చీ?"

"ఉంటుంది."

"అయితే పెద్ద పదవే," అని గుడ్డ మడతపెట్టి ఆమె చేతికిస్తుంది. ఫ్యాను ఆగుతుంది. నిశ్శబ్దం చెప్పులు బయట విడిచి లోపలికొస్తుంది. వడియాలవాళ్ళు పళ్ళేలు ఎత్తుకుని డాబాలమీదికి వెళ్ళిపోతారు, ఒకావిడ మాత్రం మూతి తిప్పుకుంటూ.

పదకొండవుతుంది. తాతబ్బాయి చేతులకి మైదా జిగురుతో గుమ్మంలో నిలబడతాడు. నోరు తెరుస్తాడు, పెట్టె వైపు చూస్తాడు, మూసేస్తాడు. అతని ముఖం వాడిపోతుంది.

"చెప్పండి. ఇవాళ వినబడుద్ది," అంటుంది హైమావతి.

"ఆ చప్పుడు కాస్త తగ్గించండి అని చెప్పేవాణ్ణండి. రోజూనూ."

ఇంతేనా? ఆరు నెలలు తలూపింది దీనికా? ఆమెకి ఏడుపొస్తోంది, దాన్ని దాచుకోడానికి మడతపెట్టిన గుడ్డని మళ్ళీ మడతపెడుతుంది.

తాతబ్బాయి కదలడు. "ఇప్పుడు తగ్గిపోయింది కదండి. మరి రేపట్నించి ఏం చెప్పి రమ్మంటారు?"

ఆమె తలెత్తి చూస్తుంది. ఈ ప్రశ్న మొత్తం వినబడింది, ఒక్క అక్షరం కూడా గాలికి పోలేదు.

"ఏం చెప్పక్కర్లేదు. రండి."

"సలహా అడగలేదు గానీ," అంటుంది పెట్టెలోంచి కార్డు, "ఆరు నెలల వేడి ఇంకా నా దగ్గరే ఉందమ్మా. ఎక్కడ పెట్టమంటారు?"

ఇద్దరూ ఒకేసారి రెండు దుకాణాల మధ్య గోడ వైపు చూస్తారు. కార్డు వదిలిన వేడి తగలగానే గోడ ఒళ్ళు విరుచుకుని, ఉన్నచోటునుంచి ఊడి వస్తుంది. శుభలేఖలా నాలుగు మూలలా పసుపు రాసుకుంటుంది. వాళ్ళిద్దర్నీ కాస్త తప్పుకోమని, ఒడుపుగా పక్కకి తిరిగి గుమ్మం దాటి, కుంకుమ భరిణె పట్టుకుని ఎదురింటి మెట్లెక్కుతుంది. తలుపు తీసిన ఆవిడకి బొట్టు పెట్టి, ముహూర్తం చెప్పి, కుటుంబ సమేతంగా రావాలని పిలుస్తుంది.