కండక్టరు గొంతు తగ్గించుకుంది

ఆఫీసుల్లో ఏ పనైనా గొంతు తగ్గిస్తేనే అవుతుందని పెద్దక్క నమ్మకం. పిల్లల సంరక్షణ ఆఫీసు వాళ్ళు తీసుకెళ్ళిన కొడుకుని ఆవిడ రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి ఇంటికి తెచ్చుకుంది. అప్పట్నుంచి అదే తిప్పలు పడుతున్న తల్లిదండ్రులకి తోడు వెళ్తుంటుంది. అడిగినా అడక్కపోయినా సలహాలిస్తుంది.

ఈసారి ఆవిడ చేతికి చిక్కింది ఒక బస్సు కండక్టరు. తన తాగుడు వల్ల ఆరేళ్ళ కూతుర్ని ఆ ఆఫీసు వాళ్ళే తీసుకెళ్ళారు. తాగుడు మానేసి పద్నాలుగు నెలలు. మనిషి మంచిదే కానీ, నోరు తెరిచిందంటే వెనక సీట్లో నిద్రపోయేవాడు కూడా ఉలిక్కిపడి టికెట్టు వెతుక్కుంటాడు.

"ఆ గొంతుతో మాట్లాడావంటే పిల్లని ఇవ్వరు సరికదా, నిన్ను కూడా లోపలేస్తారు," అంది పెద్దక్క. నెల రోజులు తనే కూతురై, కుర్చీలో కాళ్ళూపుకుంటూ తర్ఫీదిచ్చింది. అరవై ఏళ్ళ కూతుర్ని "బంగారం" అని పిలవలేక కండక్టరు నానా అవస్థా పడింది.

పాపని చివరిసారి ఆఫీసులో కలిసే రోజు వచ్చింది. ఈ గంటసేపు ఇద్దర్నీ చూసి, ఇంటికి పంపాలో వద్దో ఆఫీసరమ్మ రాసేస్తుంది. నోరు మెదపకూడదన్న షరతు మీద పెద్దక్కని ఓ మూల కూర్చోనిచ్చారు. ఆవిడకి అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

"బంగారం, బాగున్నావా తల్లీ?" అంది కండక్టరు, తేనె కారే గొంతుతో.

పాప గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "అమ్మా, మళ్ళీ తాగావా? తాగినప్పుడే ఇలా మాట్లాడతావు."

పెద్దక్క నాలిక్కరుచుకుంది. ఇంట్లో ఎప్పుడెలా మాట్లాడతావని ఒక్కసారైనా అడిగితే కదా. నెలంతా కూర్చుని తాగిన గొంతే నేర్పింది, తన తెలివి తగలెయ్య. ఆఫీసరమ్మ పెన్ను అందుకుంది.

"ఎవరే తాగింది?" కండక్టరు అరుపుకి గది అదిరింది. "ఆ జుట్టేంటి, పిచ్చుక గూడులా? ఇలా రా."

పాప వచ్చింది, జుట్టు కోసం కాదు. తల్లి మొహానికి మొహం ఆనించి, "ఊదు," అంది. కండక్టరు ఊదింది. పాప గట్టిగా వాసన పీల్చి, ఇంకోసారి ఊదమంది. అప్పుడు ఒళ్ళో కూర్చుంది.

"ఇంటికొచ్చాక కూడా రోజూ ఊదాలి."

అంత గొంతున్న మనిషీ బుద్ధిగా తలూపింది. సిగ్గుతో చచ్చిపోతోంది, సంతోషంతోనూ చచ్చిపోతోంది.

ఆఫీసరమ్మ సగం రాసి ఆగింది. "పొద్దునా, సాయంత్రమా?" అనడిగింది పాపని.

పాప రెండు వేళ్ళు చూపించింది. "రెండు పూటలా."

ఆఫీసరమ్మ షరతులన్న చోట అదే రాసి, 'ఇంటికి పంపవచ్చు' కింద సంతకం పెట్టింది.