పల్లాడియం గది తాళం

ఆ పూతల కర్మాగారంలో మిగతా గదులకు తలుపులు ఉన్నాయంటే ఉన్నాయి. పల్లాడియం గదికి మాత్రం ఇనుప తలుపు, దానికి బయటి నుంచి తాళం. తాళంచెవి యజమాని నడుముకు గొలుసుతో వేలాడేది.

ఆయన దృష్టిలో అది అనుమానం కాదు, జాగ్రత్త. నికెల్ ద్రావణం కాస్త ఒలికితే తుడిచేసి ఊరుకోవచ్చు. పల్లాడియం బంగారంలా ఖరీదైన లోహం, దాని ద్రావణం ఒక చెంబుడు పోయిందంటే కొంప మునిగినట్టే. అందుకే బయటి పనివాళ్ళను రానివ్వకుండా ఆ గదిలో తన కోడళ్ళిద్దరినీ పెట్టాడు. పొద్దున లోపలికి పంపి తాళం వేస్తే మళ్ళీ భోజనాల వేళకే తీయడం. ఫోన్లు బయట డబ్బాలో పెట్టి వెళ్ళాలి. పనివాళ్ళు ఆ గదిని లాకరనీ, కోడళ్ళను లాకర్లో నగలనీ చెప్పుకుని నవ్వుకునేవారు.

నికెల్ పూత పడి వచ్చిన సరుకును తీగ చట్రాలకు తగిలించి, గోరువెచ్చని ద్రావణంలో ముంచి, కరెంటు సరిచూస్తూ కనిపెట్టుకుని ఉండటం వాళ్ళ పని. ఎక్కువగా యంత్రాల్లో వాడే సన్నని పిన్నులు వచ్చేవి. అప్పుడప్పుడు చేతి గడియారాల కేసులు. ద్రావణంలోని అమ్మోనియా ఆవిరైపోతూ ఉంటుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ పోస్తుండాలి. గోడకున్న పంకా ఆ ఘాటును ఎప్పటికప్పుడు బయటికి లాగేది.

పెద్దకోడలు పెళ్ళయిన కొత్తలోనే ఆ గదిలోకి వచ్చింది. చిన్నకోడలు వచ్చి ఏడాది కావస్తోంది. భుజాలు రాసుకునేంత దగ్గరగా పనిచేస్తున్నా వాళ్ళ మధ్య పనికి మించి మాట ఉండేది కాదు. పెద్దామె చూపు ఎప్పుడూ చిన్నామె చేతుల మీద. చిన్నామె చూపు పెద్దామె పని కోటు జేబుల మీద. తోడికోడళ్ళన్నాక ఆ మాత్రం ఉంటుందిలే అని ఇంట్లో వాళ్ళు పట్టించుకోలేదు.

ఒక రోజు మామగారు సరుకు అప్పగించడానికి వెళ్తూ, ఇలా వెళ్ళి అలా వస్తానని చెప్పి, తాళం వేసుకుని పోయాడు. కాసేపటికి చిన్నకోడలు పై అరలోంచి అమ్మోనియా క్యాను దించబోతే పిడి ఊడి చేతికొచ్చింది. క్యాను నేల మీద పడి పగిలింది.

ఇద్దరికీ కళ్ళు మూసుకుపోయాయి. పెద్దకోడలు తడుముకుంటూ వెళ్ళి నీళ్ళ గొట్టం అందుకుని నేలంతా తడిపింది. తువ్వాళ్ళు ముంచి ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. మంట కాస్త తగ్గింది గానీ, ఊపిరి పీలిస్తే గొంతులో కారం కూరినట్టే ఉంది. అంత ఘాటును లాగడం ఆ పంకా వల్ల కావడం లేదు.

చిన్నకోడలు రెండు చేతులతో తలుపు బాదింది. తలుపు అవతలే అన్నదమ్ములిద్దరూ, అంటే వీళ్ళ భర్తలు, సరుకుకు మెరుగు పెట్టే చక్రాల దగ్గర ఉన్నారు. ఆ హోరులో పిడుగు పడినా వాళ్ళకు వినబడదు.

కర్మాగారం మొత్తానికి మెయిన్ స్విచ్ ఆ గదిలోనే ఉంది. మామగారు దాన్ని కూడా తాళం లోపలే పెట్టించాడు. అది ఆపితే చక్రాలు ఆగుతాయి, తలుపు చప్పుడు వినబడుతుంది. కానీ పంకా కూడా ఆగుతుంది. తొట్టెలో సగం పూత పడిన గడియారం కేసులు పాడవుతాయి.

పెద్దకోడలు స్విచ్ మీద చెయ్యి వేసి ఆగిపోయింది. అప్పుడు ఆమె మనసులో ఉన్నది పంకా కాదు. కేసులు పాడైతే మామగారికి ఏం చెప్పాలా అని. ప్రాణం మీదికొచ్చినా ఆ భయమే ముందుకొచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"ఆపెయ్యక్కా. నేనే ఆపానని చెబుతాలే," అంది చిన్నకోడలు దగ్గుతూ.

ఆపేసింది. గది చీకటయింది. చక్రాలు వెంటనే ఆగవు, వేగం తగ్గడానికి కొంతసేపు పడుతుంది. ఇద్దరూ తలుపు కింద సందు దగ్గర ముఖాలు పెట్టి బోర్లా పడుకున్నారు.

"నీ మీద ఓ కన్నేసి ఉంచమన్నారు మామయ్యగారు. నువ్వొచ్చిన రోజే," అంది పెద్దకోడలు.

"నాకూ అదే చెప్పారక్కా. నీ జేబులు చూస్తూ ఉండమన్నారు."

పెద్దకోడలికి నవ్వు వచ్చింది, నవ్వులోంచి దగ్గు, దగ్గులోంచి ఏడుపు. హోరు సన్నగిల్లగానే ఇద్దరూ కలిసి తలుపు బాదారు. అన్నదమ్ములు పరుగెత్తుకొచ్చారు. కానీ పెద్దవాడు తాళం పట్టుకుని నిలబడిపోయాడు. చెవి నాన్న దగ్గరుంది, ఇప్పుడే ఫోన్ చేస్తాను, కాస్త ఓపిక పట్టమన్నాడు.

"ఆయన వచ్చేసరికి మేం ఉండం," అంది పెద్దకోడలు లోపలి నుంచి.

తమ్ముడు ఇనుప కడ్డీ తెచ్చి తాళం విరగ్గొట్టాడు.

మామగారు వచ్చేసరికి కోడళ్ళిద్దరూ బయట కుళాయి దగ్గర కూర్చుని కళ్ళు కడుక్కుంటున్నారు. ఆయన విరిగిన తాళాన్ని చూశాడు. నేరుగా గదిలోకి వెళ్ళాడు. బయటికొచ్చి, తొట్టెలో ద్రావణం ఏమీ తగ్గలేదని చెప్పి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ తరవాతే మీకేం కాలేదుగా అమ్మా అని అడిగాడు.

మర్నాడు చిన్నకోడలు ఆ గడప తొక్కనంది. నెల తిరగకుండానే భర్తతో వేరే ఇంటికి మారి, కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి కుదిరింది. నువ్వూ వచ్చెయ్యమని పెద్దకోడలిని పోరింది. వచ్చి ఏం చెయ్యను, నాకు ఆ తొట్టె పని తప్ప ఇంకేం చేతనవును అని పెద్దకోడలు మాట దాటేసింది. భర్తతో ఒకసారి కదిపి చూసింది. అతను నాన్నతో నువ్వే మాట్లాడమన్నాడు.

ఆమె మాట్లాడకముందే మామగారు కొత్త తాళం, దాని చెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఇక నీ ఇష్టమమ్మా అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడని ఆ మాట తీరులోనే ఆమెకు తెలిసింది. కాదనలేకపోయింది.

చిన్నకోడలి స్థానంలోకి నికెల్ విభాగంలో పనిచేసే ఒకావిడను తెచ్చారు. నెమ్మదస్తురాలు. మొదటి రోజు భోజనాల వేళ పెద్దకోడలు లేచి బయటికి వస్తుంటే మామగారు ఎదురొచ్చాడు.

"తాళం వేసి వెళ్ళమ్మా. బయటి మనిషి కదా."

లోపల ఆవిడ చట్రానికి పిన్నులు తగిలిస్తోంది. ఈ మాట వినబడే ఉంటుంది, తల మాత్రం ఎత్తలేదు. ఒక మనిషిని లోపల పెట్టి తాళం వెయ్యడానికి పెద్దకోడలికి చెయ్యి రాలేదు. వెయ్యకుండా వెళ్తే, రేపు ఏదైనా తగ్గితే అది తన మెడకు చుట్టుకుంటుంది.

ఆకలిగా లేదని చెప్పి వెనక్కి వచ్చింది. తలుపు బార్లా తెరిచి, గడప మీద కూర్చుంది. తరవాత క్యారియరు అక్కడికే తెప్పించుకోవడం అలవాటు చేసుకుంది. లోపలి ఆవిడను కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేది. అన్నం అమ్మోనియా వాసన వేస్తోందని ఆవిడ ఒకసారి అంటే, అలవాటవుతుందిలే అంది.

చిన్నకోడలు అప్పుడప్పుడు ఫోన్ చేసేది. మధ్యాహ్నం ఖాళీ చేసుకుని దుకాణం చూడటానికి రమ్మని, పట్టుమని పది నిమిషాల నడక కూడా లేదు కదా అక్కా అని. వస్తాను, ఈ సరుకు అయిపోనీ అని పెద్దకోడలు చెప్పేది. ఒక సరుకు పోతే ఇంకొకటి వచ్చేది.