భుజం దాకా

ఎన్‌లార్జర్ తలను రెండంగుళాలు పైకి జరిపి మర బిగించాడు గణపతిరావు. కింద పలక మీద వెలుగులో పడిన మనిషి బొమ్మ ఆ మేరకు పెరిగింది. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, వంగి, స్కేలుతో కొలిచాడు. సరిపోయింది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఉక్కు ప్లాంటు కూలీలుండే క్యాంప్ 2లోని ఒక స్టూడియో చీకటిగదిలో ఆయన చేసే పని ఇదే. వేరువేరు ఫొటోల్లోని మనుషులను ఒకచోటికి తెచ్చి, పక్కపక్కన అమిరేలా పెంచడం, తగ్గించడం. కూలీలు ఊరికి పంపుకునే ఫొటోల్లో వెనకాల ఉక్కు కొలిమిని చిన్నది చేసి, ముందున్న మనిషిని పెద్ద చేసేవాడు. తను కూడా బొబ్బిలి దగ్గర పల్లె నుంచి ప్లాంటులో ఉద్యోగానికనే వచ్చాడు. ఛాతీ కొలతలో అంగుళం తక్కువై, తిరుగు రైలుకు దుర్గ్ స్టేషనుకు వెళుతూ ఈ స్టూడియో దగ్గర మంచినీళ్లకు ఆగాడు. ఆగినవాడు ఆగిపోయాడు. ఫొటోలు కడిగే మందునీళ్లలో నాని నాని వేళ్ల కొసలు గోధుమరంగుకు తిరిగాయి. ఎండలోకి వస్తే కళ్లు నీళ్లు కారతాయి.

మధ్యాహ్నానికి ప్లాంటు క్వార్టర్లున్న సెక్టర్ 7 నుంచి జోగమ్మ వచ్చింది. పొడుగాటి మనిషి, గుమ్మంలో తల వంచింది. ఏడాది కిందట పోయిన భర్తను ఏదో పాత గుంపు ఫొటోలోంచి తీసి తన పక్కన నిలబెట్టమని, ఆ ఫొటోనూ తన ఫొటోనూ వారం కిందట ఇచ్చి వెళ్లింది. గణపతిరావు ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన అంటించిన అట్టను ఆమె చేతికిచ్చాడు. ఆమె చాలాసేపు చూసింది.

"ఈయనెవలు బాబూ?"

"మీ ఆయనేనమ్మా."

"మా ఆయన నా బుజం కాడికే వొచ్చీవోడు."

"జంట ఫొటో కదమ్మా. సూసినోలు నవ్వకండా అలాగ సేస్తాం."

"ముప్పయ్యేళ్లు నవ్వినారు. అందుకే నా పక్కన ఫొటోకి ఒక్కనాడూ నిలబడ్నేదు. ఇప్పుడైనా నిలబెట్టు బాబూ. ఎంతున్నాడో అంతే."

ఇన్నేళ్లలో మనిషిని తగ్గించమని అడిగినవాళ్లు లేరు. గణపతిరావు పెన్సిలు తీశాడు.

"ఎక్కడిదాకమ్మా?"

జోగమ్మ తన ఎడమ భుజం మీద, జాకెట్టు కుట్టుకు కొంచెం కింద వేలు పెట్టింది. "ఇదుగో, ఇక్కడికి."

అట్ట మీద అక్కడే గీత పెట్టాడు. రేపు రమ్మన్నాడు.

స్టూడియో యజమాని కొడుకు చిన్నారావు చీకటిగది తలుపు తట్టి, "బాబాయ్, ఖానా అయిందా?" అన్నాడు.

"తర్వాత తింటాన్రా."

ఎన్‌లార్జర్ తలను కిందికి దించాడు. పొట్టిమనిషి పొట్టిగానే వచ్చాడు. అంచులు బ్లేడుతో కోసి, వెనకవైపు గరుకు కాగితంతో పలచగా రుద్ది, అట్ట మీది పాత బొమ్మను ఊడదీసి, గీత దగ్గర తల వచ్చేలా అంటించాడు. సన్న కుంచెతో కాళ్ల కింద నీడ దిద్దాడు. దాన్ని మళ్లీ ఫొటో తీసి, ఫిల్ము కడిగి ఆరబెట్టి, కాగితం మీదికి ఎక్కించాడు. మందునీళ్లలో ముందు ఆమె చీర అంచు తేలింది, తర్వాత ఆయన మొహం. పొడుగు చేసినప్పుడు ఎవరో అధికారిలా బిగుసుకుని కనిపించినవాడు ఇప్పుడు ఆమెను ఆనుకుని కులాసాగా ఉన్నాడు. గణపతిరావుకు నవ్వొచ్చింది. ఎడమచెయ్యి పొద్దుటి నుంచీ లాగుతోంది. ఫొటోను నీళ్లలో ఆడించి, బయటికి తెచ్చి, మెరుపు రావడానికి కిటికీ దగ్గరి అద్దానికి బోర్లా అంటించి రోలరు తిప్పాడు. లోపలికి వెళ్లి స్టూలు మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు.

నాలుగింటికి చిన్నారావు టీ తెచ్చి పిలిచాడు. పలకలేదు. తలుపు తెరిచాడు. ఎర్రబల్బు వెలుగుతోంది. భుజం తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయన వేళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

డాక్టరు వచ్చి మణికట్టు పట్టుకుని చూసి, అయిపోయిందని వదిలేశాడు. పక్క దుకాణాల వాళ్లు నలుగురు కలిసి ఆయన్ను ఇంటికి మోసుకెళ్లారు. చిన్నారావు షట్టరు దించి వాళ్ల వెనకే నడిచాడు.

ఎవరూ లేని స్టూడియోలో అద్దం మీది ఫొటో ఆరింది. ఆరి, చిటుక్కుమని దానంతటదే ఊడి బల్ల మీద వెల్లకిలా పడింది. అందులో జోగమ్మ నిటారుగా నిలబడి ఉంది, పక్కన ఆమె భుజం దాకా ఆయన.