దామోదరం శెట్టి తలపాగా మీది పిచ్చుకలు

దామోదరం శెట్టి ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలడని ఆదోనిలో చెప్పుకునేవాళ్లు. ఆ సంగతి కాకులకూ తెలుసేమో, ఆయన మిద్దె మీద ఒక్కటి వాలగా నేను చూడలేదు. అలాంటి మనిషి పోయిన ఏడేళ్లకు, 1979లో, ఆయన పటం వెనక ఊరపిచ్చుకలు కాపురం పెట్టాయి.

ఆ పటంలోని ఫోటో తీసింది నేనే. కోటు, తలపాగాతో శెట్టి ఒక్కడే నా స్టూడియోకు వచ్చాడు. "అమ్మను గూడా పిల్చుకోని రాకపోతిరా, జోడీగా కూచుంటే బాగుంటాది" అన్నాను. "రోజూ సూసే మొగమే కదప్పా, దానికి ఫోటో యాల?" అన్నాడు. కాస్త నవ్వమంటే అదీ దండగే అన్నట్టు చూశాడు. పటంలో ఆ చూపే మిగిలింది.

ఉగాదికి వారం ముందు ఆయన భార్య అలివేలమ్మ రమ్మని కబురు పంపింది. ఇంటిల్లిపాదికీ గ్రూప్ ఫోటో అనుకుని ఉతికిన చొక్కా వేసుకుని మరీ వెళ్లాను. ఆమె నన్ను పడసాలలో నిలబెట్టి గోడ మీదికి చెయ్యి చూపింది. పటం ముందుకు వాలి ఉంది. వెనక సందులో గడ్డి, దూది, చీర పోగులు. సరిగ్గా శెట్టి తలపాగా పైన మూడు పసుపుపచ్చని నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"తల్లి వాటి నోట్లో పెట్టేటప్పుడు తియ్యల్ల రంగప్పా. ఈయప్ప మొగం గూడా పడల్ల" అంది.

"ఇరవై ఏండ్లుగా పెండ్లిండ్లు తీస్తాండా. పిచ్చికలకు ఫోటో తియ్యమని ఎవురూ అడగలేదమ్మా."

"పెండ్లికూతుర్లు నువ్వు సెప్పినట్ల ఇంటారు. ఇవి ఇనవు. సేతనైతే తియ్యి."

నాకు రోషం వచ్చింది. ఆమె కొడుకు సుబ్రమణ్యానికి వేరే తొందర. సున్నం కొట్టే మనిషిని తల్లి అప్పటికే రెండుసార్లు వెనక్కి పంపింది. పిల్లలకు రెక్కలొచ్చేదాకా ఆ గోడ ముట్టేది లేదని కూర్చుంది. చూస్తే రెక్కలు వచ్చేశాయి కూడా, రేపో ఎల్లుండో ఎగిరిపోతాయి.

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, మొదటి రోజు నేను చేసింది అదే. తల్లిపిట్ట వాలీ వాలకముందే ఫ్లాష్ కొట్టాను. అది ఎగిరి వీధిలో పడింది. మగపిట్ట దూలం మీద కూర్చుని గంటసేపు నన్ను తిట్టింది.

"మీ ఆయన గూడా నన్ను ఇంత తిట్టలేదమ్మా" అన్నాను.

"నిన్ను తిట్టల్యా. నన్నడుగు సెప్తా."

పిట్ట కోసం కాచుకుని కూర్చున్నాం. ఊరికే ఉండలేక, శెట్టి నా స్టూడియోలో అన్న మాట ఆమెకు చెప్పేశాను. "అనింటాడు, అనింటాడు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత తనే చెప్పింది. బియ్యం చెరిగినప్పుడల్లా పిడికెడు నూకలు పిచ్చుకలకు చల్లేదట. చూస్తే శెట్టి, "పిచ్చికలకు పోసేదానికేనా అంగడి పెట్టింది?" అనేవాడట. అందుకని కాపురమున్నన్నాళ్లూ నూకలు కొంగులో దాచుకుని పోయి పెరట్లో చల్లేది.

"ఈయప్ప సేత్తో పెడతాంటే ఒక్కసారన్నా సూడల్లని ఉండె. బతికుండంగ కాల్యా. ఇప్పుడు ఆయప్ప నెత్తి మీదనే కూడు పెడతాండాయి. అది కాగితంలో సూసుకుంటా."

నవ్వుతూనే అంది గానీ ఆమె కళ్లు తడిశాయి. నాకు సిగ్గేసింది. అంతసేపూ నేను దీన్ని ముసలామె సరదా అనుకుంటున్నాను.

మరునాడు ఫ్లాష్ ఇంట్లోనే పెట్టి వచ్చాను. వీధి తలుపులు రెండూ బార్లా తీయించాను. పడసాల నిండా ఎండ పడింది. పటం అద్దంలో నా రూపం పడకూడదని కెమెరాతో సహా నల్లగుడ్డ కప్పుకుని కూర్చున్నాను. ఇలాంటి కిటుకులు ఆదోనిలో నాకొక్కడికే తెలుసని నా నమ్మకం. అలివేలమ్మ నా పక్కనే ఊపిరి బిగబట్టి నిలబడింది. అలవాటు కొద్దీ పిడికిట్లో నూకలు పట్టుకునే ఉంది.

తల్లిపిట్ట పచ్చపురుగుతో వచ్చి పటం అంచున వాలింది. మూడు నోళ్లూ లేచాయి. నొక్కేశాను. సాయంత్రానికి ఒక పిల్ల ఎగిరిపోయింది, మరునాడు తక్కినవీ పోయాయి. ఆ మధ్యాహ్నమే గోడకు సున్నం పడింది.

ఫిల్మ్ కడిగి చూస్తే పిట్ట, పురుగు, తలపాగా అన్నీ బ్రహ్మాండంగా వచ్చాయి. కానీ అద్దంలో, శెట్టి భుజం పక్కన, ఇంకొక మనిషి. పిడికిలి గుండెకు ఆనించుకుని, మొగం పైకెత్తి నవ్వుతున్న అలివేలమ్మ. నల్లగుడ్డ నేను కప్పుకున్నానే గానీ, పక్కన ఎండలో నిలబడ్డ మనిషి సంగతే మరిచిపోయాను. పని నేర్చుకునే మొదటి ఏడాదిలో కూడా ఇంత తప్పు చేయలేదు. మళ్లీ తీద్దామంటే పిట్టలు లేవు.

తల వంచుకుని వెళ్లి ఫోటో ఆమె చేతిలో పెట్టాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈమెవరు?"

"మీరేనమ్మా. అద్దంలో పడినారు. తప్పు నాదే. రెండు దినాలియ్యండి, కుంచెతో తీసేస్తా."

"తీసేస్తావా? సెయ్యి ఇరగ్గొడ్తా."

అప్పటికప్పుడే సుబ్రమణ్యాన్ని పిలిచి, శెట్టి పటానికి సరిగ్గా ఎదురు గోడకు మేకు కొట్టించింది. ఫోటోకు ఫ్రేమ్ కట్టేదాకా కూడా ఆగలేదు, దారంతోనే తగిలించింది. తర్వాత వెనక్కి తిరిగి శెట్టి మొగంలోకి చూసింది.

"రోజూ సూసే మొగమే కదా. ఇంగ సూస్తా ఉండు" అంది.