పక్క తలుపు తాళంచెవి

అల్లర్లు మొదలైనప్పటి నుంచీ చర్చి పాస్టరు అయ్యగారి గొంతు పెరిగింది. దుకాణాలు మధ్యాహ్నానికే షట్టర్లు దించేస్తున్నా, బస్సులు ఎప్పుడు ఆగిపోతాయో డ్రైవర్లకే తెలియకపోయినా, ఆదివారం వచ్చేసరికి మాత్రం ఆయన బల్ల గుద్ది మరీ చెప్పేవాడు. ఎవరూ బెదిరిపోనక్కర్లేదట. ఎటు పోవాలో తోచకపోతే మందిరం పక్క తలుపు తట్టమన్నాడు, నేనున్నానన్నాడు. చెప్పడానికేం, ఎన్నయినా చెబుతారు. వినేవాళ్ళు పాపం నమ్మారు.

అందరికంటే ఎక్కువ నమ్మింది టైలరమ్మ. వీధి చివర ఒక చిన్న గదిలో మిషను పెట్టుకుని, ఒక్కగానొక్క కూతుర్ని సాక్కుంటోంది. అయ్యగారు ఆదివారం వేసుకునే తెల్ల అంగీ కుట్టింది కూడా ఆవిడే. భుజాల దగ్గర పట్టేస్తోందని ఆయన నసుగుతుంటే విసుక్కోకుండా రెండుసార్లు విప్పి కుట్టింది.

బుధవారం మధ్యాహ్నం అయ్యగారు, అమ్మగారు మందిరంలో బెంచీలు తుడుస్తున్నారు. దూరంగా కేకలు, అద్దాలు పగిలిన చప్పుడు. అయ్యగారు ఒక్క అంగలో వెళ్ళి పక్క తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకున్నాడు. కాసేపటికే ఎవరో తలుపు తట్టారు. అల్లరిమూకైతే అలా తట్టదు, తన్నుతుంది. ఇది ఆడమనిషి చెయ్యి. వెంటనే గొంతు కూడా వినబడింది, నేనండీ అయ్యగారూ, టైలరమ్మని, పిల్ల కూడా ఉందని.

అమ్మగారు గుడ్డ అక్కడే పారేసి లేచింది. అయ్యగారు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. తలుపు తీస్తే వీళ్ళ వెనకాలే మూకంతా లోపలికొస్తుందని గుసగుసగా చెప్పాడు. ఆ మాట తెలివైనదిగానే తోచింది ఆయనకు. ఆ తర్వాత మోకాళ్ళ మీద పడ్డాడు. ప్రభువా, ఆ టైలరమ్మను కాపాడు, ఆమె బిడ్డను నీ చాటున దాచుకో అని గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టాడు. ఎందుకంత గట్టిగా, దేవుడికేమైనా చెముడా? ఆ తట్టే చప్పుడు తన చెవిన పడకుండా ఉండాలని, అంతే. తాళంచెవి తన జేబులో పెట్టుకుని కాపాడమని దేవుడి మీదికి తోసెయ్యడం ఏపాటి భక్తో మీరే చెప్పండి. ఒక అరుపు వినబడి, ఆ తట్టడం ఆగిపోయింది. ఆయన మాత్రం ఆపలేదు.

సంగతంతా సాయంత్రానికి తెలిసింది. ఎవడో విసిరిన రాయి టైలరమ్మ కుడిచేతికి తగిలి ఎముక విరిగింది. ఎదురుగా సైకిళ్ళు బాగుచేసే ఆయన షట్టరు మూరెడెత్తి, తల్లినీ పిల్లనీ లోపలికి లాక్కున్నాడు. మందిరం గడప ఏనాడూ తొక్కని మనిషి. మీ మైకు దెబ్బకి నా ట్యూబుల్లో గాలి దిగిపోతోందని అయ్యగారిని ఆటపట్టించేవాడు. ఆ సైకిళ్ళాయన అసలేమీ ఆలోచించలేదట.

అయ్యగారు టైలరమ్మను చూడ్డానికి వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళతాడు? రొట్టె, పాలు ఇచ్చి భార్యను పంపాడు. ఆవిడ వెళ్ళొచ్చింది, కానీ మొగుడితో పలకడం మానేసింది. కంచం పెట్టేది, అవతలికి పోయేది. తన మణికట్టును రెండో చేత్తో రుద్దుకుంటుంటే చూసి ఆయన తల దించుకునేవాడు. ఇన్నాళ్ళూ విశ్వాసమనుకున్నదంతా గొంతేనా అని ఒకటే బెంగ, ఒకటే సిగ్గు.

ఆదివారం, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళకు టైలరమ్మ లేచింది. కుడిచెయ్యి మెడకు కట్టిన గుడ్డలో ఉంది. అందరికీ వందనాలు చెప్పి, తను తలుపు తడుతుంటే లోపల అయ్యగారి ప్రార్థన ప్రతి మాటా వినబడిందని, ఈ రోజు తన బిడ్డ ప్రాణాలతో ఉందని చెప్పి కూర్చుంది. అంతే, మందిరమంతా స్తోత్రాలతో మారుమోగింది. ముందు వరుసలో, ఆసుపత్రి నుంచి ఎప్పుడో రిటైరైన నర్సమ్మ కళ్ళొత్తుకుంది. పాపం, ప్రార్థనలో మునిగిపోయి ఆయనకు చప్పుడే వినబడలేదంది. అయ్యగారు తలూపాడు. ఛీ, నిజంగానే ఊపాడు!

నర్సమ్మ అంతటితో ఊరుకోలేదు. రేపో మాపో మళ్ళీ గొడవలంటున్నారని, ఈసారి తన మనవల్ని తీసుకుని తిన్నగా ఈ తలుపు దగ్గరికే వస్తానని అంది. మేమూ అంతేనన్నారు వెనకవాళ్ళు. అయ్యగారి చెయ్యి జేబులోకి పోయింది. తాళంచెవి అక్కడే ఉంది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఈ జనమంతా పిల్లల్ని చంకనేసుకుని, తెరుచుకోని తలుపు దగ్గరికి పరిగెత్తుకొస్తారు. అమ్మగారు తలెత్తి ఆయన వంకే చూస్తోంది.

ఆయన మైకు పక్కకు జరిపాడు. ఆ తెల్ల అంగీలో ఆయనకు ఊపిరాడలేదు.

"నాకు వినబడింది," అన్నాడు. "ఎవరో కూడా తెలుసు. భయమేసి తలుపు తియ్యలేదు."

వెనకెవరో అలవాటుకొద్దీ స్తోత్రం అనేసి నాలిక్కరుచుకున్నారు. అయ్యగారు టైలరమ్మ వైపు చూడలేకపోయాడు. మాట్లాడింది ఆవిడే.

"తెలుసండీ అయ్యగారూ. మమ్మల్ని తలుచుకునే కదా ప్రార్థన చేశారు. తలుపు బయట నిలబడి అంతా విన్నాను."

"మరి ఇందాక చెప్పలేదేమ్మా?"

"మీరు చెప్తారేమోనని చూశాను."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆయనకు. ఆవిడ లేచి ముందుకొచ్చి, బాగున్న ఎడమచెయ్యి చాపింది.

"ఆ తాళంచెవి నా దగ్గరుండనివ్వండి. తలుపు నేను తీస్తాను."

అయ్యగారు జేబులోంచి తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఇక ఎవరు వచ్చి తట్టినా లేచి వెళ్ళాల్సింది తను కాదు. ఆ సంగతి తోచగానే గుండె మీంచి బరువు దిగినట్టయింది. హమ్మయ్య అనుకున్నాడు. అనుకున్నందుకు, బుధవారం కంటే ఎక్కువ సిగ్గుపడ్డాడు.