అమీర్‌పేటలో కాలువ

మెట్రో స్తంభం వెంబడి నీళ్ళు కారుతున్నాయి.

టప్... టప్...

వాన వెలిసి గంటయింది. అమీర్‌పేట రోడ్డు మీద గొడుగులన్నీ ముడుచుకున్నాయి. ఈ నీళ్ళు మాత్రం ఆగలేదు.

ఈ స్తంభాల కిందే ఎక్కడో ఒక బావి ఉంది. పూడ్చేసిన బావి.

నేను నవల రాస్తున్నాను. డెబ్బై అయిదేళ్ళ కిందటి అమీర్‌పేట మీద. కోనసీమలో పుట్టి, పంజగుట్టలో అద్దెకుంటున్నదాన్ని — నాకెందుకొచ్చిన సాహసం? కళ్ళు మూసుకుంటే మా ఊరే కనబడుతుంది. అందుకే మొదటి అధ్యాయంలోనే కాలువ పారించాను. గట్టున కొబ్బరిచెట్లు నాటాను. పడవ కూడా కట్టేశాను.

పక్క వాటాలో ఉండే పెంటయ్య గారికి చదివి వినిపించాను. ఎనభై ఆరేళ్ళు. అమీర్‌పేట జొన్నచేలలో పెరిగిన మనిషి.

పడీ పడీ నవ్వారు.

"కాలువ ఏడిదమ్మా గీడ? మోటబాయి ఉండె. మా నాయన ఎడ్లను తోలుకుంట పాట పాడితే బల్కంపేట దాంక వినొస్తుండె."

"ఆ బావి ఎక్కడండీ?"

"వాన తగ్గనియ్యి బిడ్డా. నడ్సుకుంట పోదాం, చూపిస్త."

వాన తగ్గింది. ఎండలొచ్చాయి. నేనే కదల్లేదు.

కథ ముందు, చోటు తర్వాత అనుకున్నాను. తీరిగ్గా దిద్దుకోవచ్చులే అనుకున్నాను. ఆలస్యం అమృతం విషం — బడిలో పిల్లలకు నేను చెప్పే మాటే.

ప్రతి ఆదివారం ఆ కాలువనే చదివాను. ఆయనకు వినడం ఇష్టం. మొదట్లో నవ్వేవారు. తర్వాత నవ్వడం మానేశారు. తర్వాత... తల ఊపడం మొదలుపెట్టారు.

మతిమరుపు వచ్చిందని ఆయన కూతురు స్వరాజ్యం చెప్పింది.

అప్పటికి గాని నాకు తొందర పుట్టలేదు. ఇవాళ ఆయన చెయ్యి పట్టుకుని ఈ స్తంభం దగ్గరికి తీసుకొచ్చాను. స్వరాజ్యం కూడా వచ్చింది.

"బావి ఎక్కడండీ, పెంటయ్య గారూ?"

రోడ్డు ఆ చివర నుంచి ఈ చివరకు చూశారు. ముఖం వెలిగింది.

"బాయి ఏడిది బిడ్డా? కాలువ ఉండె. కొబ్బరిచెట్లు మస్తుండె. మా నాయన పడవ నడుపుతుండె..."

"మోట తోలుతూ పాడేవారన్నారు కదా... ఆ పాట?"

"మోటనా?"

స్వరాజ్యం నా భుజం తట్టింది. "నాయన ఖుషీగనే ఉన్నడు గద మేడం. ఫికర్ చేయకుండ్రి."

కాగితం మీది కాలువను కొట్టేస్తాను. ఈయనలో పారుతున్నదాన్ని ఏం చేయను? ఎడ్ల వెనక నడిచిన ఆ తండ్రి ఈయన ఒక్కరికే తెలుసు. ఆ తండ్రిని నేనే పోగొట్టాను. నాకు ఏడుపొచ్చింది.

పెంటయ్య గారు స్తంభం దగ్గరికి జరిగారు. అరచెయ్యి చాపారు.

టప్... టప్...

"కాలువ నీళ్ళే," అన్నారు.