తలకిందుల గ్రాఫు

తన ఇరవై నాలుగేళ్ల జీవితంలో కోమల అంత అందమైన గ్రాఫు ఇంకొకటి చేయలేదు. కంప్యూటర్లో, ఎక్సెల్‌లో చేసింది. నాలుగు నిలువు కడ్డీలు, ఒకదాన్ని మించి ఇంకొకటి, లేత పచ్చ నుంచి ముదురు పచ్చ దాకా, వెనక నీడలు కూడా పడుతూ, ఫొటోకు నిలబడ్డ కొత్త పెళ్లికొడుకుల్లా ఉన్నాయి. అదే గ్రాఫు ఆ సాయంత్రానికే తన కొంప ముంచబోతుందని అప్పటికి ఆమెకు తెలియదు పాపం.

కోమలది వేములవాడకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఎర్రగడ్డపల్లె. మిట్ట మీది ఊరు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కాలువ నీళ్లు వచ్చాయి గాని, ఈ మిట్ట ఎక్కలేక కింద నుంచే దండం పెట్టి వెళ్లిపోయాయి. కాబట్టి ఇక్కడ సేద్యమంతా బావుల మీదే. ఊరికి తూర్పున పన్నెండు మంది రైతులకు పన్నెండు బావులు. అందులో ఒకటి కోమల తండ్రి అంతయ్యది.

నిరుడు యాసంగి పంటగా అంతయ్య మూడెకరాలూ వరి వేశాడు. పైరు పొట్టకొచ్చే వేళకు బావి అడుగంటింది. ఎండిన పైరును బర్రెలకు కోసి వేసి, రెండు రోజులు పొలం ఒడ్డు మీద కూర్చున్నాడు. అసలు అంతయ్యంటే నోరు మూతపడని మనిషి. బస్సెక్కితే కండక్టరుతో కూడా చుట్టరికం కలుపుతాడు. అలాంటివాడు రెండు రోజులు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనాన్ని కోమల ఇప్పటికీ మరిచిపోలేదు.

ఈ ఏడు వానలు దంచికొట్టాయి. కార్తీకంలో బావులు నిండుగా, చేతికందేలా ఉన్నాయి. ఇంకేముంది, నిరుటి సంగతి నిరుడే పోయింది. మళ్లీ మూడెకరాలూ వరే అన్నాడు అంతయ్య. సోమవారం నారు పోస్తానన్నాడు.

కోమలకు భయం ఊరికే పట్టుకోలేదు. డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టు కోసం మొదలుపెట్టిన పని ఒకటి ఆమెకు అలవాటైపోయింది. ఏటా శివరాత్రి మర్నాడు, ఊరంతా జాగారం నిద్ర తీర్చుకుంటుంటే, తను టేపుకు రాయి కట్టుకుని పన్నెండు బావుల చుట్టూ తిరుగుతుంది. రాయి లోపలికి దిగి బుడుంగుమన్న చోట ఎన్ని గజాలయిందో రాసుకుంటుంది. నాలుగేళ్ల లెక్క ఆమె దగ్గరుంది. పన్నెండు బావులకూ కలిపి సగటు తీస్తే మొదటి ఏడాది ఏడు గజాలకు నీళ్లు అందాయి. తర్వాత తొమ్మిది, పన్నెండు, నిరుడు పద్నాలుగు. బావుల లోతే పదహారు గజాలు! వానలు బాగా పడ్డ ఏళ్లలో కూడా శివరాత్రికి నీళ్లు ఇంకా కిందికే పోయాయి. ఎందుకంటే నీళ్లు కనబడగానే అందరూ ఉన్న భూమంతా వరే వేశారు.

సగం వరి వేసి సగం మక్కజొన్నో నువ్వులో వేస్తే గట్టెక్కుతామని కోమల లెక్క. కానీ అంతయ్య ఒక్కడే తగ్గిస్తే లాభం లేదు. భూమి లోపలి నీళ్లకు గెట్లూ హద్దులూ ఉండవు. ఇతను మిగిల్చింది పక్కవాడి మోటరు తాగేస్తుంది. తగ్గిస్తే పన్నెండు మందీ తగ్గించాలి. అందుకే శనివారం సాయంత్రం పంచాయతీ ఆఫీసు వరండాలో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలని పోరు పెట్టి ఒప్పించింది.

"నోటి మాటలొద్దు బిడ్డా," అన్నాడు అంతయ్య. "లెక్క నా కండ్లకు కనబడాలె. కనబడితే నువ్వు చెప్పినట్టే వింట."

కోమల పని చేసేది వేములవాడలో గోపాల్ నెట్ సెంటర్లో. గోపాల్ ఫ్లెక్సీలు కూడా కొడతాడు. పుట్టినరోజైనా గృహప్రవేశమైనా, ఆఖరికి పెద్దకర్మైనా సరే, గోపాల్ చేతిలో పడితే నెమలి ఈకలు, బంగారు అంచు తప్పవు. కోమల చేసిన మామూలు గ్రాఫు చూసి అతని ప్రాణం ఉసూరుమంది.

"గిదేం గ్రాఫు చెల్లె, గడ్డపారలు నిలబెట్టినట్టున్నది. జర రంగులెయ్యి. నీడ వెట్టు. నలుగురు చూసేది గదా!"

అలా వచ్చాయి ఆ పచ్చదనం, ఆ నీడలు. కోమలకు కూడా ముచ్చటేసింది. రంగు ప్రింటు తీసుకుని శుక్రవారం సాయంత్రం ఆరు గంటల బస్సుకు ఇల్లు చేరింది.

అరుగు మీద తండ్రితో పాటు పక్క పొలం కొండల్ కూడా ఉన్నాడు. తూర్పు బావుల రైతులకు కొండల్ మాటంటే గురి. అంతయ్య కళ్లద్దాలు పెట్టుకుని కాగితం చూశాడు. చూసీ చూడగానే మొహం చాటంత అయింది.

"నేనేం చెప్పిన? సూడు కొండలూ, ఏడాదికేడాది ఎట్ల పెరుగుతున్నదో!"

"పచ్చగ, చేను లెక్కనే ఉన్నదన్నా!" అంటూ కొండల్ అక్కడికక్కడే ఫోన్‌తో ఫొటో తీశాడు. కోమల నోరు తెరిచేలోపే 'తూర్పు బాయిలు' వాట్సాప్ గ్రూపులో ఫొటో పడింది. దాని వెనకే కొండల్ గొంతు: "మన కోమల కంప్యూటర్ల లెక్క తీసింది. నీళ్లు డబులైనయ్. ఎవ్వలు ఫికర్ చేయకుండ్రి. అందరం వరే!"

టింగు టింగుమని దండాలు, బొటనవేళ్లు, చప్పట్లు వచ్చి పడ్డాయి. ఒకాయనైతే బీడుగా వదిలేసిన అరెకరం కూడా దున్ని వరి వేస్తానన్నాడు.

"అయ్యో కాకా, గవి నీళ్లు కావు!" అని మొత్తుకుంది కోమల. "నీళ్లు అందాలంటే ఎంత కిందికి పోవాలెనో గది. పైన రాసిన గూడ, సదువుండ్రి."

కొండల్ ఆమెను జాలిగా చూశాడు. "కిందికి పోయేదాన్ని పైకెందుకు గీసినవ్ బిడ్డా? జరమెక్కితే థర్మామీటరు పైకి పోతది, దిగితే కిందికొస్తది. నీళ్లు దిగితే గిది దిగాలె గని ఎక్కుతదా?"

కోమల కాగితాన్ని ఇంకోసారి చూసుకుంది. కొండల్ అన్నదాంట్లో తప్పు లేదని తెలుస్తూనే ఉంది, అదే మంట.

"పరేషాన్ గాకు," అని అంతయ్య బిడ్డ వీపు తట్టాడు. "నువ్వు మంచిగనే గీసినవ్. గీసింది నీకే సమజ్ గాలే." అని లోపలికి వెళ్లి, మూడెకరాలకు సరిపడా విత్తనాల బస్తాలు అటక మీంచి దింపడం మొదలుపెట్టాడు.

శనివారం పొద్దున కోమల మొహం ముడుచుకుని వాకిట్లో కూర్చుంది. ఎదురుగా ఎండలో కాళ్లు చాపుకుని నాయినమ్మ ఐలవ్వ అనపకాయలు ఒలుస్తోంది. గింజలు పోసుకోవడానికి చేతికందిన కాగితం లాక్కుని ముందు పరుచుకుంది. ఆ కాగితం ఏదో వేరే చెప్పాలా?

"నాయినమ్మా, గది నా గ్రాఫు!"

"నిన్నటి సంది దాన్ని చూసి ముక్కు చీదుతనే ఉన్నవ్. గింజలకన్న పనికి రానియ్యి." ఐలవ్వకు అక్షరం ముక్క రాదు. కాగితం తలకిందులుగా ఉంది. ఆమెకు దాంతో పనీ లేదు. గింజలు పక్కకు జరిపి ఒకసారి వంగి చూసింది. "గివేంది బిడ్డా, తాళ్లా?"

"ఏం తాళ్లు?"

"చేంతాళ్లే. పైకెల్లి బాయిలకు ఏలాడుతున్నయ్ గదా." ఐలవ్వ వేలితో ఒక్కొక్క కడ్డీనీ పై నుంచి కిందికి నిమిరింది. "గీ పొట్టి తాడు మంచి కాలం నాటిది. గీ పొడుగుది... అవ్వో, దీనికి ఎంత తాడు ముడేసిండ్రో! నేను కాపురానికొచ్చిన కొత్తల నాలుగు గజాల తాడు సాలుతుండె. కరువొచ్చినప్పుడల్లా ఇంకింత ముడేసుడే. తాడు పొడుగైందంటే ఆడోళ్ల రెక్కలు పోయినట్టే బిడ్డా. గీ బాయిల నీళ్లేడున్నయ్?"

కోమల నాయినమ్మ వెనక్కి వెళ్లి, ఆమె భుజం మీంచి చూసింది. ఏళ్లు వెనకాముందయ్యాయి గాని కడ్డీలు మాత్రం ఉన్నదున్నట్టు చెబుతున్నాయి. అక్షరం రాని మనిషికి అర క్షణంలో అర్థమైంది! కోమల కాగితం అందుకుని ఒక్క గెంతు గెంతింది. అనపగింజలు వాకిలంతా చెల్లాచెదురయ్యాయి. వెనక నుంచి ఐలవ్వ పెట్టిన తిట్లు బస్టాండు దాకా వినబడ్డాయి.

నెట్ సెంటర్లో కూర్చుని కోమల చేసిన మొదటి పని నిలువు కొలతను తిరగేయడం. దానికి ఎక్సెల్‌లో చిన్న గడి ఒకటుంది. దాని మీద టిక్కు కొట్టగానే కడ్డీలన్నీ పై నుంచి కిందికి వేలాడాయి. అంతవరకు అడుగున ఉన్న ఏళ్ల అంకెలు తమంతట తామే పైకి పోయి, నేల మీద కూర్చున్నట్టు కూర్చున్నాయి. ఎడమ నుంచి కుడికి వాటి వరుస మాత్రం చెడలేదు.

గోపాల్ చూసి గుండె పట్టుకున్నాడు. "తలకిందుల గ్రాఫా! చెల్లె, నా దుకాణం ఇజ్జత్ పోతది!"

కోమల వినలేదు. నీడలు తీసేసింది. అడ్డగీతలు తీసేసింది. పచ్చదనమంతా తుడిచేసి, పైన నేల దగ్గర ఒక్క గీతకు మాత్రం ఉంచింది. వేలాడే కడ్డీలకు మట్టి రంగు వేసింది. ఒక్కొక్క నగ తీసేస్తుంటే గోపాల్ పెళ్లికూతురి తల్లిలా అల్లాడిపోయాడు. అంతా అయ్యాక కోమల ఇంకో వరుస అంకెలు చేర్చింది. బావి పదహారు గజాలు. అందులో ఖాళీ పోను మిగిలిన నీళ్లెన్ని? తొమ్మిది, ఏడు, నాలుగు, రెండు. మట్టి రంగు కింద నీలం వచ్చి అతుక్కుని, ఒక్కొక్క ఏడాదీ ఒక్కొక్క బావిలా నిలబడింది. మొదటి బావిలో సగానికి పైగా నీలం. నాలుగోదానిలో అడుగున ఒక పట్టీ, అంతే.

చివర ఐదో బావి ఒకటి గీసి, పైన వచ్చే శివరాత్రి అని రాసి, లోపల ఏమీ నింపకుండా వదిలేసింది.

గోపాల్ కుర్చీ దగ్గరికి లాక్కుని చూశాడు. తర్వాత, "మా అత్తగారోళ్ల బాయి గూడ గిట్లనే అయింది చెల్లె," అన్నాడు మెల్లగా. "చిన్న కాగితం మీద ఏం కనబడ్తది? ఫ్లెక్సీ కొడదాం ఆగు." కొట్టాడు కూడా, తలుపంత. నెమలి ఈక పెట్టలేదు. కానీ కింది మూలన తన ఫొటో ఒకటి, చేతులు జోడించి, తగిలించకుండా మాత్రం ఉండలేకపోయాడు.

సాయంత్రం పంచాయతీ వరండాలో ఫ్లెక్సీ కట్టారు. పన్నెండు మందీ వచ్చారు, వరి వేసే హుషారులో. కోమల ఫ్లెక్సీ పక్కన నిలబడింది. చెప్పాలని రాసుకున్నదంతా మరిచిపోయి, "గిది నేల. గివి మన బాయిలు. గిది మన్ను, గిది నీళ్లు," అని మాత్రం అంది.

బీడీ వెలిగించబోయిన ఒకాయన అగ్గిపుల్ల ఆర్పేశాడు. కొండల్ జేబులోంచి ఫోన్ తీసి, నిన్నటి ఫొటోను చూసి, ఫోన్ తిప్పి పట్టుకుని చూసి, మళ్లీ ఫ్లెక్సీ చూశాడు.

అంతయ్య లేచి దగ్గరికి వెళ్లాడు. నాలుగో బావి అడుగున ఉన్న నీలం మీద అరచెయ్యి ఆనించాడు. నీళ్లు చేతి కింద మాయమయ్యాయి.

"నిరుడు గీ నీళ్లు సాలకనే పైరును బర్లకేసిన," అన్నాడు. కాసేపు అలాగే నిలబడ్డాడు. కోమలకు భయమేసింది, మళ్లీ ఆ మౌనం వచ్చి పడుతుందేమోనని. కానీ అంతయ్య గొంతు సవరించుకున్నాడు. "నాది ఎకరంన్నర వరి. ఎకరంన్నర మక్క. నా ముచ్చట అయిపోయింది. మీరేమంటరో అనుండ్రి."

ఒకరి తర్వాత ఒకరు సగమే అన్నారు. అరెకరం బీడు దున్నుతానన్నాయన అందులో నువ్వులన్నాడు. కొండల్ చివరి దాకా ఆగి, వేలెత్తి ఐదో బావిని చూపించాడు.

"గది ఉత్తగ ఎందుకున్నది బిడ్డా?"

"అది మీరు నింపాలె కాకా."

కొండల్ తల గోక్కున్నాడు. "నిన్న గ్రూపుల పెట్టిన ముచ్చట ఎట్ల గుంజుకోవాలెరా దేవుడా," అని గొణుక్కుంటూ, కొత్త ఫ్లెక్సీని ఫొటో తీశాడు. ఈసారి గొంతు కొంచెం తగ్గించి చెప్పాడు: "నిన్నటిది తిప్పి చూడుండ్రి. సగమే వరి."

శివరాత్రి మర్నాడు ఈసారి కోమల ఒక్కతే తిరగలేదు. పన్నెండు మందీ జాగారం కళ్లతో వెంట పడ్డారు. అంతయ్య బావిలో రాయి దిగుతుంటే, ఐలవ్వతో సహా అందరూ గజాలు గట్టిగా లెక్కపెట్టారు. పదకొండు దగ్గర బుడుంగుమంది. పన్నెండు బావుల సగటు తీసినా అదే పదకొండు. అంటే అడుగున ఐదు గజాల నీళ్లు మిగిలాయి.

అంతయ్య వరండాలో ఫ్లెక్సీ ముందు గొంతుక్కూర్చుని, నీలం రంగు డబ్బాలో బ్రష్షు ముంచాడు. అడుగు నుంచి పైకి పూయడం మొదలుపెట్టాడు.

"అన్నా, ఇంకింత పైకి తే! ఆరు జేద్దాం!" అని ఉడికించాడు కొండల్.

"తే అంటె వస్తదా? నా బిడ్డ కొలిచినంతే పూస్త," అన్నాడు అంతయ్య. పూస్తున్నంతసేపూ నోరు మూయలేదు. తన ఎకరంన్నర వరి గింజ ఎట్లా పాలు పోసుకుంటున్నదో, మక్క కంకి ఎంత పొడుగుందో, ఒకటే వాగుడు. విన్నవాళ్లకు చెవులు తూట్లు పడ్డాయి. కోమల మాత్రం స్తంభానికి ఆనుకుని ఒక్క మాట వదలకుండా విన్నది.

ఐదో బావిలో ఐదు గజాల నీలం చేరింది. అంతయ్య వెనక్కి జరిగి చూసుకుని, ఫ్లెక్సీ అంచు తడిమి బిడ్డ వైపు తిరిగాడు.

"వచ్చే ఏడుది ఏడ గీస్తవ్ బిడ్డా? జాగనే లేదు."

కోమల అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "గోపాలన్నా, ఇంకో ఫ్లెక్సీ కొట్టాలె. ఈసారి పది ఖాళీ బాయిలు పెట్టు."